డెర్రీలో లిఫ్ట్ అడగొద్దు

‘ఇట్: వెల్కమ్ టు డెర్రీ’ అనే హారర్ సిరీస్ మొదటి రెండు ఎపిసోడ్లు చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ఎవరు పోతారో అంతా చెప్పేస్తా.

ప్రీక్వెల్ (పాత సినిమాకి ముందు జరిగిన కథ) అనగానే నాకు సగం ఆసక్తి చచ్చిపోతుంది. 2017లో, 2019లో వచ్చిన రెండు ‘ఇట్’ సినిమాలు చూసినోళ్ళకి ఆ జోకర్ పెన్నీవైజ్ ఎవడో, 27 ఏళ్ళకోసారి లేచి పిల్లల్ని ఎట్లా తింటాడో, ఆఖరికి ఎట్లా పోతాడో అన్నీ తెలుసు. మొదటి సినిమా కథ 1989లో జరిగితే ఈ సిరీస్ అదే డెర్రీ అనే అమెరికా ఊళ్ళో 1962లో మొదలవుతుంది, అంటే ఇందులో ఎవరెంత కొట్లాడినా వాడు చావడు. ఇంక టెన్షన్ ఎక్కడ్నుంచి వస్తది?

కారులోంచి వచ్చింది. మ్యాటీ అనే పిల్లాడు ఇంటి మీద విసుగెత్తి, మంచులో, రాత్రిపూట రోడ్డు మీద లిఫ్ట్ అడుగుతాడు. ఒక కారు ఆగుతుంది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, సబ్బు ప్రకటనలో కుటుంబం లెక్క ఉన్నారు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర రాత్రి మిర్యాలగూడ బస్సు తప్పిపోతే మనం కూడా ఇదే లెక్క వేస్తాం కదా, ఒంటరిగా వచ్చేవాడి బండి ఎక్కాలంటే ఆలోచిస్తాం గానీ లోపల ఆడమనిషి, పిల్లలు కనిపిస్తే టక్కున డోరు తీసి కూర్చుంటాం. ఆ నమ్మకం మీదే దెబ్బ కొట్టారు. వెనక సీట్లో పిల్లాడు స్పెల్లింగులు ఒప్పజెప్తుంటాడు, ఆ మాటలు ఒక్కొక్కటే చెడ్డవైపు తిరుగుతుంటాయి, పక్కనున్న పిల్ల డబ్బా మూత తీస్తే అందులో పచ్చి కార్జం. ఊరు దాటి పోతున్నామనుకున్న కారు మళ్ళీ డెర్రీకే వచ్చిందని వాడికి అర్థమయ్యేసరికి నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ తర్వాత కారులోనే ఆ అమ్మకి రెక్కల పసిగుడ్డు పుట్టడం, ఎగరడం చూస్తే మాత్రం భయం కాస్త తగ్గింది. గ్రాఫిక్స్ బొమ్మని ఎంతసేపు చూపిస్తే అంత బొమ్మలాగే కనిపిస్తది, ఈ మాట దర్శకుడు ఆండీ ముషియెట్టికి ఎవరైనా చెప్పాలి.

మ్యాటీ కోసం వెతికే పిల్లల్ని మనకి నిదానంగా పరిచయం చేసి, ఎపిసోడ్ చివర్లో సినిమా హాల్లోనే టెడ్డీ, ఫిల్, సూజీ ముగ్గురినీ చంపేశారు. వీళ్ళే హీరోలు, ఎనిమిది ఎపిసోడ్లూ వీళ్ళతోనే అనుకుని పేర్లు కూడా గుర్తుపెట్టుకున్నా! విలన్ చావడని తెలిసిన కథలో ఎవరు బతుకుతారో తెలియకుండా చేయడం, మంచి దెబ్బ కొట్టారు. (అన్నట్టు ఆ హాల్లో ఆడే ‘ది మ్యూజిక్ మ్యాన్’ అసలు విడుదలైంది 1962 జూన్‌లో, కథ మొదలయ్యేది జనవరి చలిలో. పోనీయండి.)

రెండో ఎపిసోడ్‌లో నన్ను పట్టుకున్నది దయ్యం కాదు, పోలీసాయన. హాల్లో ప్రొజెక్టర్ నడిపే హ్యాంక్ నల్లజాతి మనిషి, కాబట్టి హంతకుడు ఆయనే కావాలి. బతికి బయటపడ్డ లిల్లీని కూర్చోబెట్టి, పిచ్చాసుపత్రి పేరు చెప్పి బెదిరించి, తమకు కావాల్సిన మాట అనిపించుకుంటారు. అవతల హ్యాంక్ కూతురు రానీ ఆ పిల్లకి స్నేహితురాలు. ఊళ్ళో పెద్దోళ్ళెవరూ ‘ఇంతమంది పిల్లలు ఎటు పోతున్నారు’ అని గట్టిగా అడగరు. అంత పెద్ద ఊరు ఎట్లా ఊరుకుంటుందని మా తమ్ముడు వాదించాడు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పోయి అడగమన్నా. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ పిల్లల ఎముకల్ని వంచేస్తుంటే, “మా నీళ్ళే గంత, ఏం జేస్తం” అంటూ ఎన్నేళ్ళు గడిచిపోలేదు? భూమిలోపల ఏదో ఉంది, అది పిల్లల మీద పడుతుంది, పెద్దోళ్ళు అలవాటు పడిపోయారు. డెర్రీ నాకు అంత దూరం ఊరనిపించలేదు.

సూపర్‌మార్కెట్ సీన్ కూడా బాగా కుదిరింది. పచ్చళ్ళ ఫ్యాక్టరీలో పోయిన లిల్లీ వాళ్ళ నాన్న ఆ సీసాల్లోంచే వస్తాడు. మర్నాడు అమ్మ ఆవకాయ జాడీ దించమంటే తమ్ముడిని పంపించా.

నచ్చనిది సైన్యం కథ. మేజర్ లీరాయ్ హాన్లన్‌గా జోవన్ అడెపో బాగా చేశాడు, ఆయనకి భయం తెలియదన్న పాయింట్ కూడా బాగుంది. కానీ ఊరి కింద ఉన్నదాన్ని తవ్వితీసి రష్యా మీద ఆయుధంగా వాడతామని జనరల్ రెండో ఎపిసోడ్‌లోనే విప్పి చెప్పేయడం ఎందుకు? అదేంటో తెలియనంతసేపే కదా దాని బలం. మనసులు చదివే డిక్ హాలొరాన్‌ని ఆ తవ్వకాల్లో తిప్పుతున్నారు, ‘ది షైనింగ్’లో కూడా ఉన్న పాత్ర కాబట్టి స్టీఫెన్ కింగ్ పుస్తకాలు తెలిసినోళ్ళు ఆ పేరు వినగానే లేచి కూర్చుంటారు, నేనూ కూర్చున్నా, కానీ ఈ రెండు ఎపిసోడ్లలో ఆయనకి పనేం చెప్పలేదు.

జోకర్ ముఖం రెండు ఎపిసోడ్లలో సరిగ్గా చూపించలేదని చాలామంది తిడుతున్నారు. నాకైతే ఇంకో రెండు ఎపిసోడ్లు దాచినా అభ్యంతరం లేదు. ఆ జోకర్ వేషం వేసే బిల్ స్కార్స్‌గార్డ్ ఎట్లాగూ వస్తాడు. ఈలోపు ఆ తవ్వకాలు తగ్గించి రానీని, లిల్లీని ఎక్కువ చూపిస్తే చాలు, లేదంటే జీపులు కనపడ్డప్పుడల్లా ఫార్వర్డ్ కొడతా.