బడి పద్ధతులు ఊళ్లో తెలిశాయి

తెలంగాణ ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష డీఎస్సీ-2024లో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) ఎంపికై, అక్టోబరు 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రం అందుకున్నాను. దసరా తర్వాత ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చేరాను. చేరిన రోజే టీచర్ల సంఘాలవాళ్లు సభ్యత్వ రసీదు పుస్తకాలతో వచ్చేశారు. జీతం మాత్రం అంత తొందరగా రాలేదు.

ఐదు తరగతులు, రెండు గదులు, ఇద్దరం టీచర్లం. డీఎడ్ టీచర్ శిక్షణలో మేం రాసిన పాఠ్య పథకాల్లో గదికి ఒకటే తరగతి ఉండేది. ఇక్కడ ఒకటి, రెండు నాకు వచ్చాయి, మిగతా మూడూ హెచ్‌ఎం సార్‌కి. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దమని ఇచ్చి, రెండో తరగతికి కూడికలు చెప్పాలి. ఈ సర్దుబాటు సార్‌ని చూసి నేర్చుకున్నదే.

మిగతా పద్ధతులు మాత్రం ఎవరూ చెప్పరు. గుడ్డు పెట్టే రోజు వంట చేసే అక్క ముందు అన్నం వడ్డించి, సగం తిన్నాకే గుడ్డు ఇస్తుంది. ముందే ఇస్తే చిన్నోళ్లు గుడ్డు తిని అన్నం పారబోస్తారట. ఒకమ్మాయి ప్రతిసారీ గుడ్డుని గౌను జేబులో దాచుకుంటుంది, ఇంట్లో తమ్ముడికి. అక్క చూస్తుంది, ఏమీ అనదు. ఆలస్యంగా వచ్చే పిల్లల్ని సార్ కూడా ఎందుకని అడగరు. నాకది వింతగా ఉండేది.

నవంబరు 6న ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది. బడి ఒంటిపూట, మధ్యాహ్నం నుంచి మేం ఇంటింటి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్లం, చేతిలో 75 ప్రశ్నల ఫారం. పాఠాలు చెప్పేవాళ్లకి ఈ పనులేంటని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అదే మాట. కానీ ఊరు తెలిసింది ఆ ఫారం వల్లే. భూమెంత, అప్పెంత అనగానే ముఖం తిప్పుకునేవాళ్లు. పక్కనున్న పిల్లలు "మా మేడమే" అంటే కుర్చీ వేసేవాళ్లు.

రోజూ ఆలస్యంగా వచ్చే పిల్లాడి ఇంట్లో నాయనమ్మ ఉంది. "పొద్దుగాలనే వీళ్లమ్మ పత్తేరవోతది బిడ్డా. చెల్లెకు తలదువ్వి, అంగన్‌వాడీల ఇడిసి వస్తడు" అంది. మర్నాడు సార్‌కి చెబితే, "నాకు తెలుసమ్మా" అన్నారు, హాజరు పట్టీలోంచి తలెత్తకుండానే.

ఇప్పుడు లెక్కలు రెండో పీరియడ్‌లో చెబుతున్నాను, వాడు వచ్చాక.