ఒక్క గుండు పేల్చకుండా లొంగిపోయిన మ్యాకినా కోట

మిషిగన్‌లో ఉండే మనవాళ్లు వేసవి రాగానే మ్యాకినా ఐలాండ్‌కి వెళ్తుంటారు. కార్లు తిరగని దీవి కాబట్టి గుర్రబ్బండి ఎక్కుతారు, ఫడ్జ్ కొంటారు, తెల్లటి కోట ముందు ఫొటోలు దిగుతారు. ఆ కోట 1812 జులై 17న ఒక్క గుండు కూడా పేల్చకుండా బ్రిటిష్ వాళ్లకి లొంగిపోయింది. ఈ మాట వినగానే "ఇంత పిరికితనమా?" అనేవాళ్లున్నారు, నాకు మాత్రం అది చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

అమెరికా బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది జూన్ 18న. నెల కావస్తున్నా కోట అధికారి లెఫ్టినెంట్ పోర్టర్ హ్యాంక్స్‌కి ఆ కబురే అందలేదు! సెయింట్ జోసెఫ్ దీవిలో ఉన్న బ్రిటిష్ కెప్టెన్ చార్లెస్ రాబర్ట్స్‌కి మాత్రం ముందే తెలిసింది. ఆయన తన కొద్దిమంది సైనికులతో, ఫర్ (జంతువుల బొచ్చుతోళ్ల) వ్యాపారుల పడవ మనుషులతో, కొన్ని వందల మంది స్థానిక తెగల యోధులతో రాత్రికి రాత్రే దీవి వెనక ఒడ్డున దిగాడు.

కోటలో ఉన్నది దాదాపు 60 మంది. శత్రువు సరస్సు మీద నుంచే వస్తాడనుకుని పెద్ద ఫిరంగుల్ని హార్బర్ వైపు తిప్పి పెట్టుకున్నారు, వెనకేమో కోటకంటే ఎత్తైన గుట్ట. చీకట్లో, అడవి దారిలో ఓ ఫిరంగిని ఆ గుట్ట మీదికి లాక్కెళ్లారు. అక్కణ్నుంచి చూస్తే కింద కోట లోపలంతా కనిపిస్తుంది, తల దాచుకోవడానికి చోటే లేదు. ఊరి జనం ఇళ్లు వదిలి పోతున్నారని డాక్టర్ వచ్చి చెప్పేదాకా శత్రువు దీవిలో దిగాడని హ్యాంక్స్‌కి తెలియదు, యుద్ధం మొదలైందన్న సంగతి కూడా లొంగిపొమ్మన్న కబురుతోనే తెలిసింది.

ఒక్క తూటా పేలినా తెగల యోధుల్ని ఆపడం తమ వల్ల కాదన్నారు బ్రిటిష్ వాళ్లు. అలాంటప్పుడు ఊళ్లో ఆడవాళ్లూ పిల్లలూ ఉండగా పౌరుషానికి పోయి ఏం సాధించాలి? తప్పు వాషింగ్టన్‌ది, సరిహద్దులో ఉన్న మనిషికి కబురు పంపకుండా యుద్ధానికి దిగినవాళ్లది. ఆ గుట్ట ఎంత కీలకమో బ్రిటిష్ వాళ్లకి బాగా తెలుసు, అందుకే అక్కడ ఇంకో చిన్న కోట కట్టుకున్నారు. 1814లో అమెరికా వాళ్లు ఓడలేసుకుని వచ్చి కూడా దీవిని తిరిగి పట్టుకోలేకపోయారు.

హ్యాంక్స్‌ని విడిచిపెడితే డెట్రాయిట్ చేరాడు. లొంగుబాటు మీద విచారణ పూర్తికాకముందే, ఆగస్టు 16న బ్రిటిష్ ఫిరంగి గుండు తగిలి అక్కడి కోటలోనే చనిపోయాడు, తన తరఫున చెప్పుకునే అవకాశం కూడా దక్కలేదు పాపం.

ఈసారి వెళ్తే కింద కోట చూసి వెనక్కి వచ్చేయకండి, పైన గుట్ట మీద బ్రిటిష్ వాళ్లు కట్టుకున్న ఆ చిన్న కోట, అంటే ఇప్పటి ఫోర్ట్ హోమ్స్ దాకా నడిచి అక్కణ్నుంచి కిందికి చూడండి.