బాపు పొట్టలో రక్తనాళం ఉబ్బింది: ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాకా నా అనుభవం

నిన్న రాత్రే బాపును ఇంటికి తీసుకొచ్చినం, మర్చిపోకముందే రాస్తున్న.

బాపుకు 69. నడుము నొప్పంటే కిడ్నీల రాయేమో అని పొట్ట స్కానింగ్ చేపిచ్చినం. రాయి లేదు, గుండె నుంచి కిందికొచ్చే పెద్ద రక్తనాళం, అయోర్టా, బొడ్డు దగ్గర ఉబ్బి 6.4 సెంటీమీటర్లయింది. మామూలుగా 2 ఉంటదట, మగవాళ్లకు 5.5 దాటితే ఆపరేషన్ చూసుకోవాలె. నొప్పి కూడా ఉంది, పగిలితే చాలామంది ఆస్పత్రి చేరకముందే పోతరు, ఇయ్యాలనే హైదరాబాద్ తీసుకపోండని స్కానింగ్ డాక్టర్ చెప్పిండు. ఆయనకు చేతులెత్తి మొక్కాలె. 300 కిలోమీటర్లు అంబులెన్స్ల పోయినం.

హైదరాబాద్‌ల ఒక ఆస్పత్రికి ముందే ఫోన్ చేసిన, వాస్కులర్ సర్జరీ (రక్తనాళాల ఆపరేషన్లు) ఉంది రండి అన్నరు, బోర్డు మీద కూడా పెద్దగ రాసుంది. రాత్రి 9కి చేరినం. 50 వేలు కట్టిచ్చుకున్నరు, సీటీ యాంజియో (రక్తనాళాల స్కానింగ్) తీసిండ్రు, ఇగ బాపు స్ట్రెచర్ మీదనే, ఎప్పుడడిగినా సార్ వస్తుండు అనుడే. ఒంటిగంటకు ఒక పిల్లగాడొచ్చి సార్ విజిటింగ్ అమ్మా, గురువారం వస్తడు అన్నడు. ఆరోజు సోమవారం! వేరేకాడికి పోతమంటే, మా ఇష్టంతోనే తీసుకపోతున్నమని సంతకం పెట్టాలట. సర్జన్ లేడని మీరు రాసియ్యండి అన్న. బిల్లింగ్ కౌంటర్ కాడ అందరి ముందట "చదువుకున్నదానివే కదా, ముందే కనుక్కోవద్దా" అన్నది ఒకామె. బిల్లు మొత్తం కట్టేదాక ఆ స్కానింగ్ సీడీ ఇయ్యలె. సంతకం పెట్టి బయటికొస్తే బాపు మెల్లగ అడిగిండు, "పైసలు సరిపోలేదా బిడ్డా?" అని. ఆ మాట నేను మర్చిపోను, వాళ్లను క్షమించను.

రెండో ఆస్పత్రిల సర్జన్ తెల్లారగట్ల 3కే వచ్చి సీడీ చూసిండు. కిడ్నీ నాళాల కింద స్టెంట్ (నాళం లోపల పెట్టే గొట్టం) పట్టేంత జాగా లేదని పొట్ట తెరిచి, ఉబ్బినకాడ డాక్రాన్ అనే గుడ్డతో చేసిన గొట్టం కుట్టిండ్రు. 5 గంటల ఆపరేషన్, 4 రోజులు ఐసీయూ, బాగున్నడు.

మీరు ఫోన్ చేస్తే డిపార్ట్‌మెంట్ ఉందా అని అడగకండి, ఈ రాత్రి సర్జన్ మీ ఊర్లనే ఉన్నడా, ఎన్నింటికి వస్తడు అని అడగండి, చెప్పినోళ్ల పేరు రాసుకోండి. సీడీ చేతికి రాకుండ కదలకండి. ఇంగ్లాండ్‌ల 65 ఏండ్లకు మగవాళ్లను పిలిచి మరీ ఈ స్కానింగ్ చేస్తరు, పొగ తాగేవాళ్లకే ఇది ఎక్కువ, మన దగ్గర బీడీ తాగే ముసలోళ్లు ఇంటికొకరున్నా ఎవరూ చెప్పరు. అన్నదమ్ములకు కూడా వచ్చే అవకాశం ఎక్కువేనట. 40 ఏండ్ల నుంచి బీడీలు తాగుతున్న మా కాకను రేపు పొద్దున స్కానింగ్‌కు తీసుకపోతున్న, రానంటున్నడు, అయినా వదల.