త్రిఫల చూర్ణం: 40 మెష్ నుంచి 100 మెష్ దాకా

ఈ విడతకు సరుకు: గింజ తీసి ఎండబెట్టిన కరక్కాయ, తానికాయ, ఉసిరిక పెచ్చులు. జల్లెడలు మూడు. మెష్ అంటే జల్లెడలో అంగుళం పొడవున ఉండే కన్నాల లెక్క; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కన్నం 40 మెష్‌లో 425 మైక్రాన్లు, 80లో 180, 100లో 150.

పెచ్చు విరిస్తే టక్కున విరగాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. మిక్సీలో వేస్తే జార్ గోడకు అట్టకడుతుంది. ఉసిరికతోనే ఈ పేచీ ఎక్కువ.

మూడూ కలిపి పట్టకూడదు. బాగా ఎండిన ఉసిరిక ముందే నలుగుతుంది, కరక్కాయ పలుకులుగా మిగులుతుంది. ఆ పలుకు పారేస్తే చూర్ణంలో కరక్కాయ పాలు తగ్గిపోతుంది, సమపాళ్లు పేరుకే. అందుకని దేనికది పట్టి, జల్లించి, ఆ తరవాతే 100 గ్రాముల చొప్పున తూచి కలపాలి. జల్లెడ మీద మిగిలింది మళ్లీ మిక్సీలోకే.

20 సెకన్లు తిప్పి ఆపాలి. జార్ అడుగు చేతికి వేడిగా తగిలితే చల్లారేదాకా ఆగాలి. వేడి పొడిని డబ్బాలో పోసి మూత పెడితే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది. వాము, శొంఠి లాంటివైతే వేడికి సువాసన తైలమే పోతుంది. మూత తీయగానే గదంతా ఘుమఘుమలాడిందంటే సంతోషించాల్సిందేమీ లేదు, ఆ వాసన పొడిలో ఉండాల్సింది.

రేణువు 425 నుంచి 150కి దిగితే అదే బరువుకు ఉపరితలం దాదాపు 2.8 రెట్లవుతుంది. 5 గ్రాముల చొప్పున రెండు గ్లాసుల వేడినీళ్లలో వేస్తే తేడా కంటికే తెలుస్తుంది: మెత్తటిది ముందు రంగు దిగి, వగరు తేలుతుంది. రాత్రంతా నాననిస్తే ఆ తేడా బాగా తగ్గుతుంది.

ఉపరితలంతో పాటు చిక్కులూ పెరుగుతాయి. 100 మెష్ దాటిన పొడి గాలిలో తేమను త్వరగా లాగుతుంది, గరాటులో జారదు, నీళ్లమీద తెట్టులా తేలి లోపల పొడిగానే ఉంటుంది. ముందు రెండు చెంచాల నీళ్లతో ముద్ద చేసి, తరవాత పలచన చేస్తే కలుస్తుంది. నోటితో తీసుకునే చూర్ణానికి 80 మెష్ చాలు, అంతకు మించి శ్రమ దండగ.

కషాయానికి ఇదీ వద్దు. మెత్తటి పొడి అడుగంటుతుంది, గుడ్డలో వడకట్టబోతే కన్నాలు మూసుకుపోతాయి. కచ్చాపచ్చాగా దంచిందే సరి.

తరవాతి విడత శొంఠి. దాని పీచు 80 మెష్ మీద దూదిలా పేరుకుంటుంది కాబట్టి, ముందు 40లో జల్లించి పీచు తీసేశాకే మెత్తగా పట్టాలి.