గోరంత మీట దగ్గర పోయిన పరువు

ఇప్పుడే సర్వీస్ సెంటర్ నుంచి వచ్చాను. చెవులింకా వేడిగానే ఉన్నాయి. చల్లారకముందే రాసేస్తున్నా.

నాది ఆన్ చేయగానే లెన్స్ ముందుకు పొడుచుకొచ్చే రకం చిన్న డిజిటల్ కెమెరా. ఏళ్ల తరబడి వాడుతున్నాను కాబట్టి దాని వేషాలన్నీ తెలుసు. చలిలో బ్యాటరీ నిండుగా చూపించి, నాలుగు ఫొటోలకే ప్రాణం వదిలేస్తుంది. తీసి కాసేపు జేబులో వెచ్చగా పెట్టుకుంటే మళ్లీ లేచి కూర్చుంటుంది. కొన్నాళ్లు బ్యాటరీ తీసి పక్కన పెట్టామా, తేదీ మర్చిపోతుంది. మా మేనకోడలి మొదటి పుట్టినరోజు ఫొటోల మీద ఆ పిల్ల పుట్టకముందు తేదీ పడింది. తేదీలన్నీ కంప్యూటర్లో ఒకేసారి జరిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

ఇక పడిన కథ. "ఒక్కటి తీసిస్తా బావా" అని మా బావమరిది తీసుకున్నాడు. పట్టీ చేతికి వేసుకోరా అంటే నవ్వాడు. లెన్స్ బయటికి ఉండగానే బోర్లా పడింది. "అదే జారిపోయింది బావా" అన్నాడు. మన భాషలో ఈ సౌకర్యం ఒకటుంది, ఎవరూ పడేయరు, అన్నీ అవే జారిపోతాయి.

ఆన్ చేస్తే గర్‌ర్‌మని మూలుగు, కీచుమని శబ్దం, లెన్స్ ఎర్రర్. లెన్స్ గొట్టం ఊడబోయే పన్నులా ఒక పక్కకు వాలి ఉంది. వీడియోల్లో చెప్పారు కదా అని బొటనవేలితో నొక్కాను. ఇంకా వంగింది. విప్పుదామని స్క్రూడ్రైవర్ కూడా పట్టుకున్నా గానీ, ముందు కాస్త చదివి ఆగాను. ఫ్లాష్ కోసం లోపల కరెంటు నిలవ చేసుకునే కెపాసిటర్ ఒకటి ఉంటుంది. అందులో దాదాపు 300 వోల్టులుంటాయి, బ్యాటరీ తీసేసినా కాసేపు అలాగే నిలిచి ఉంటాయి. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే కాబట్టి గట్టిగా చెబుతున్నా: విప్పకండి.

రిపేరు మాత్రం సాఫీగా అయింది. పడితే వారంటీ వర్తించదన్నారు, మెమరీ కార్డు తీసేసి కెమెరా మాత్రమే ఇమ్మన్నారు, లెన్స్ మొత్తం మార్చి వారంలో ఇచ్చారు. తీసుకునేటప్పుడు వాళ్ల కార్డు పెట్టి ఫొటో తీసి చూపించారు.

ఇంటికొచ్చి నా కార్డు పెట్టాను. "కార్డు లాక్ అయింది" అని వచ్చింది. నాకు లాక్ అంటే పాస్‌వర్డే. నేనెప్పుడు పెట్టాను? సెట్టింగ్స్ అన్నీ మొదటికి తెచ్చాను. బ్యాటరీ తీసి పెట్టాను. పాత ఫొటోలు కనిపిస్తున్నాయి, కొత్తవి తీయనివ్వదు, పాతవి చెరపనివ్వదు, ఫార్మాట్ కూడా కాదు. రాత్రంతా ఆలోచించి తేల్చాను, వాళ్లే ఏదో కెలికి పెట్టారని.

పొద్దున్నే వెళ్లాను. వరుసలో ఆరుగురున్నారు. అందరికీ వినబడేలా, "బాగు చేయమంటే ఉన్నది కూడా పాడు చేశారు" అని కెమెరా బల్ల మీద పెట్టాను. ఆన్‌లైన్ రివ్యూ రాస్తానని కూడా అన్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. కార్డు బయటికి తీసి, ఎడమ అంచున ఉన్న గోరంత మీటను గోటితో పైకి నెట్టింది. టిక్. కార్డు లోపల పెట్టి, నా వైపు తిప్పి క్లిక్‌మనిపించింది. "వస్తోంది సార్" అని తెర చూపించింది. నోరు తెరుచుకుని నేనే ఉన్నాను.

వెనకాల ఒక పెద్దాయన "ఏమైందమ్మా?" అన్నారు. "ఏం లేదండీ, లాక్ పడింది" అంది. ఆ 'ఏం లేదు' ఉంది చూశారూ, తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

పరువు కాస్తయినా దక్కించుకుందామని నేనే కార్డు తీసి మళ్లీ పెట్టాను. లాక్! "చూశారా!" అన్నాను, గెలిచినట్టు. ఆ గెలుపు అర నిమిషం. మీట అరిగి వదులైందట, లోపలికి తోసేటప్పుడు అంచుకు తగిలి వెనక్కి జారుతోందట. అసలు ఆ మీటకు కార్డులోని సర్క్యూట్‌తో సంబంధమే లేదు. అది ఎటు వైపుందో కెమెరా స్లాట్‌లో ఉండే బుల్లి స్విచ్ తడిమి చూసుకుంటుంది, అంతే. అందుకే ఆ మీట జరిగే గాడి మీద సన్నటి టేపు ముక్క అంటిస్తే లాక్ తీసే ఉందనుకుంటుంది. ఆ అమ్మాయే అంటించి ఇచ్చింది. ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి కొత్త కార్డు కొనుక్కోమంది. డబ్బు తీసుకోలేదు, అదింకా అవమానం.

నా కోపమంతా ఇప్పుడు ఆ మెసేజ్ రాసినవాళ్ల మీద. "పక్కనున్న మీట పైకి జరపండి" అని రాయడానికి తెర మీద చోటు లేదా? మనిషిని ఆరుగురి ముందు నిలబెట్టేదాకా ఎందుకు తేవాలి?

ఇంతలో బావమరిది ఫోన్. "బాగైందా బావా? ఆదివారం ఒకసారి ఇస్తావా?"

పెట్టేసి, ముందు నా నోరు తెరిచిన ఫొటో చెరిపేద్దామని కెమెరా తీశాను. కార్డు లాక్ అయిందంటోంది. టేపు కాస్త పక్కకు జరిగింది.