అమగసాకిలో మ్యాట్నీ

జపాన్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అందరూ పూల చెట్ల ఫోటోలు చూపించమంటున్నారు. చూపిస్తాను. క్యోటోలో గుళ్లు, నారాలో జింకలు కూడా చూశాను, మా అమ్మాయి సెలవు పెట్టి మరీ తిప్పింది. పూల సీజన్‌లో అక్కడ గుడి మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. హోటల్ రేట్లు విని నాకు నోట మాట రాలేదు. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది ఒక ఆదివారం మధ్యాహ్నం అమగసాకి అనే ఊళ్లో, పాత సినిమా హాల్లో చూసిన ఆట గురించి.

మా అమ్మాయి ఒసాకాలో పనిచేస్తుంది. వాళ్ల ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒకావిడ ఉంది. యాభై దాటిన మనిషి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదట. మా అమ్మాయిది తెలుగని తెలిసిన రోజు మాత్రం లంచ్ టైమంతా ఆవిడే మాట్లాడిందట. నేను వస్తున్నానని విని, అమగసాకిలోని త్సుకగుచి అనే చోట ఆర్ఆర్ఆర్ మసాలా ఆట వేస్తున్నారని టికెట్లు తనే తీసిపెట్టింది. మసాలా ఆటంటే కేకలు వేయొచ్చు, లేచి డాన్స్ చేయొచ్చు, కాగితం ముక్కలు ఎగరేయొచ్చు. మామూలు ఆటలో గట్టిగా నవ్వడానికి కూడా మొహమాటపడే దేశం కాబట్టి ఇలాంటివి ముందే ప్రకటించి విడిగా వేస్తారు.

మా అమ్మాయికి ఇష్టం లేదు. "మూడు గంటల సేపు గోలమ్మా, నీకు తలనొప్పి వస్తుంది" అంది. నాకూ పెద్ద ఉత్సాహం లేదు. చూసేసిన సినిమా, పైగా టికెట్ రెండు వేల యెన్లు. అంటే వెయ్యి రూపాయలు దాటింది. తెనాలిలో ఆ డబ్బుకి ఇంటిల్లిపాదీ చూసి, వస్తూ వస్తూ టిఫిన్ కూడా చేసి రావచ్చు. ఆవిడ కొనేసింది కదా, వెళ్లకపోతే బాగుండదని బయల్దేరాం.

ఒసాకా ఉమేదా స్టేషన్‌లో హాంక్యూ అనే కంపెనీ రైలెక్కాలి. కోబే వైపు వెళ్లే లైను. మెరూన్ రంగు బోగీలు, లోపల ఆకుపచ్చ సీట్లు, అన్నీ కొత్త పెళ్లికొడుకు బూట్లలా మెరుస్తుంటాయి. తొందరపడి స్పెషల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది త్సుకగుచిలో ఆగదు, నెమ్మది బండే పట్టుకోవాలి. యోదో నది దాటాక కాసేపటికే స్టేషన్ వచ్చేసింది. దక్షిణం వైపు దిగి కొంచెం నడిస్తే సన్‌సన్ థియేటర్. మాల్ లోపలి మల్టీప్లెక్స్ కాదు, ఊళ్లో ఎప్పట్నుంచో ఉన్న హాలు.

లాబీలోకి అడుగుపెట్టగానే నేను ఆగిపోయాను. తొంభై శాతం ఆడవాళ్లు. నలభై, యాభై, అరవై ఏళ్ల ఆడవాళ్లు. కొందరు చీరలు కట్టారు, కొందరు భీమ్ వేషంలో పంచె, చొక్కా వేసుకుని మొలతాడు లాంటిది చుట్టుకున్నారు. ఒకావిడ రామరాజు పోలీసు యూనిఫాం కుట్టించుకుంది. కాదు, తనే కుట్టుకుందట. భుజం మీద గుండీలు తిరగేసి కుట్టు చూపించింది. ఏదో సేల్‌లో కొన్న బొమ్మ బట్టలు కావవి. నేను ముప్ఫై ఏళ్లు స్కూల్లో పిల్లల వార్షికోత్సవాలకి వేషాలు కుట్టించినదాన్ని, చెయ్యి తిరిగిన పని చూస్తే తెలిసిపోతుంది.

మమ్మల్ని పిలిచినావిడ ఎదురొచ్చి, "నమస్కారమండీ అమ్మగారూ, భోజనం చేశారా?" అంది. స్పష్టమైన తెలుగు. ఆ "అండీ" ఎక్కడ తగిలించాలో కూడా తెలుసు ఆవిడకి. 2017 డిసెంబరు చివర్లో బాహుబలి రెండో భాగం అక్కడ విడుదలైనప్పుడు మొదటిసారి తెలుగు విన్నదట. తర్వాత ఆన్‌లైన్‌లో నేర్చుకుంది. గుణింతాలు పూర్తయ్యాయి, వత్తులు ఇంకా కష్టంగా ఉన్నాయని చెప్పింది. మా స్కూల్లో పదో తరగతి పిల్లల మాటా అదే అన్నాను. మా అమ్మాయి దాన్ని జపనీస్‌లో చెప్పాక చుట్టుపక్కల అందరూ నవ్వారు.

అక్కడి నుంచి నాకు ఖాళీ లేదు. ఒకావిడ కుచ్చిళ్లు జారిపోతున్నాయని ఏడుపు మొహంతో వచ్చింది. నెట్ చీర, దానికి లంగా సరిగ్గా లేదు. వాష్‌రూంలోకి తీసుకెళ్లి కుచ్చిళ్లు మళ్లీ పోసి, పిన్నులు పెట్టి, పైట సర్దాను. బయటికి వచ్చేసరికి తలుపు దగ్గర ఇంకో నలుగురు చీరలవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. అందరికీ కట్టాను. తర్వాత విసనకర్రల వంతు. గుండ్రటి విసనకర్రల మీద నల్ల కాగితం అంటించి, మెరిసే అక్షరాలతో హీరోల పేర్లు రాసుకొస్తారు. తెలుగులో రాసినవాళ్లు నా దగ్గరికి తెచ్చి "తప్పులున్నాయా?" అని అడిగారు. ఒకరి "రామ్ చరణ్‌"లో పొల్లు లేదు, ఇంకొకరి "తారక్‌"లో క కాస్తా త అయింది. బ్యాగులోంచి కత్తెర, జిగురు, మెరుపు కాగితం అప్పటికప్పుడు బయటికొచ్చాయి. నేను రాసిచ్చాను, వాళ్లు కత్తిరించారు. ఆ లాబీ నేల మీద కూర్చుని నేను రాసిన అక్షరాలు అంత ఇష్టంగా చూసినవాళ్లని నా సర్వీసులో చూడలేదు.

హాల్లోకి వెళ్లేముందు ప్రతివాళ్లూ పక్కవాళ్లకి చిన్న పొట్లాలు పంచారు. ఇంట్లో వారం రోజులుగా కత్తిరించిన రంగు కాగితం ముక్కలు. ఎవరు ఎవరో తెలియదు, అయినా "మీకు లేవా, ఇవి తీసుకోండి" అని చేతిలో పెట్టేస్తారు. నా ఒళ్లో పది పొట్లాలు పోగయ్యాయి. హాలు ఉద్యోగి ఒకాయన వేదిక ముందుకొచ్చి జాగ్రత్తలు చెప్పాడు. ఎవరి ముఖానికీ గురిపెట్టకుండా పైకి విసరాలి, పక్కవాళ్లకి దెబ్బ తగలకూడదు, ఏమైనా ఇబ్బందైతే చెప్పాలి. అందరూ బడిపిల్లల్లా "హాయ్" అని బదులిచ్చారు. అక్కడ "సరే" అనడానికి అదే మాట.

సినిమా తెలుగులోనే, కింద జపనీస్ అక్షరాలు. రామరాజు కనిపిస్తే ఎర్ర లైట్లు, భీమ్ కనిపిస్తే నీలం లైట్లు ఊపారు. నిప్పు, నీరు కదా మరి. వంతెన కింద ఇద్దరూ చేతులు పట్టుకునేటప్పుడు హాలంతా కాగితాలు లేచాయి, ఎదురు వరస కనపడలేదు. నాటు నాటు మొదలయ్యేసరికి నా పక్కన అరవై ఐదేళ్లావిడ లేచి నిలబడింది. మోకాలికి పట్టీ ఉంది. పైన చేతులు, కింద కాళ్లు ఒక్క అడుగు తప్పకుండా వేసింది. నేను కూడా లేచాను. మా అమ్మాయి నా వంక చూసి, తర్వాత తనూ లేచింది.

నాకు ఇంకా గుర్తుండిపోయింది వేరే సన్నివేశం. భీమ్‌ని కట్టేసి కొరడాతో కొట్టేటప్పుడు హాల్లో ఒక్క లైటూ కదల్లేదు, ఒక్క కాగితమూ ఎగరలేదు. ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. ముక్కులు చీదుకోవడం వినపడింది. మన దగ్గర ఆ సమయంలో కూడా ఎవడో ఒకడు ఈల వేస్తాడు, వాణ్ణి పక్కవాడు తిడతాడు.

ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. ఇంటర్వెల్ లేదు. తెర మీద ఇంటర్వెల్ అని పడుతుంది, సినిమా ఆగకుండా వెళ్లిపోతుంది! మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి, టీ లేదు, సమోసా లేదు. ఇంత ప్రేమ ఉన్నవాళ్లు పది నిమిషాలు ఆపితే ఏం పోయింది?

ఆట అయిపోయి లైట్లు వెలిగాక నేల కనపడలేదు. నేను చెప్పులు వెతుక్కుంటుండగా హాలువాళ్లు చీపుర్లు, చేటలు తెచ్చి పెట్టారు. పోలీసు యూనిఫాం ఆవిడ వంగి వరసల మధ్య ఊడవడం మొదలుపెట్టింది. చీరలవాళ్లు కొంగులు బొడ్లో దోపుకుని సీట్ల మడతల్లోంచి ముక్కలు ఏరారు. ఒకరి జుట్టులోవి ఇంకొకరు తీశారు. సంచులు నిండాయి, మూతులు కట్టారు. అక్కడ ప్రతిసారీ జరిగేది ఇదేనట.

మా తెనాలిలో రిలీజు రోజు బెనిఫిట్ షో అయ్యాక హాలు ఊడ్చే ఆడమనిషి నాకు గుర్తొచ్చింది. మా వీధి చివర ఉండేది. పెద్ద హీరో సినిమా వస్తోందంటే కుర్రాళ్లకి పండగ, ఆవిడకి నడుం నొప్పి. పాలాభిషేకాల పాలు ఎండిపోయి మెట్ల మీద చీమలు పట్టేవి, అవీ ఆవిడే కడగాలి. ఆ పండగలోకి ఆవిడకే కాదు, నాకూ ప్రవేశం లేదు. తెల్లవారుజామున నాలుగు గంటల ఆటకి ఆడపిల్ల వెళ్లడమేమిటి? 1983 ప్రాంతాల్లో నాకు చిరంజీవి అంటే ప్రాణం. సితార, జ్యోతిచిత్ర పక్కింటివాళ్లు చదివి పారేసేదాకా కాచుకుని, బొమ్మలు కత్తిరించి, అన్నం మెతుకులతో పాత నోట్సులో అంటించేదాన్ని. పెళ్లి కుదిరాక మా అమ్మ దాన్ని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేసింది. "ఇంకా ఏం చిన్నపిల్లవా" అంది. ఆవిడది తప్పని నేను అనను. అప్పట్లో ఏ అమ్మైనా అదే చేసేది.

ఈ సంగతి వాళ్లకి చెప్పాను. ఆట తర్వాత అందరూ కలిసి స్టేషన్ దగ్గరి ఫ్యామిలీ రెస్టారెంట్‌కి వెళ్తారు, అక్కడ. ఒకసారి డబ్బు కడితే కాఫీ, జ్యూసు ఎన్నిసార్లైనా తెచ్చుకోవచ్చు కాబట్టి గంటలు గంటలు కూర్చుంటారు. శాకాహారికి అక్కడ దొరికేది బంగాళాదుంప వేపుడు, మొక్కజొన్న గింజలు మాత్రమే, వాటికీ బాగానే బిల్లు వేశారు. ప్లేట్ల పక్కన తారక్, చరణ్‌ల చిన్న అక్రిలిక్ బొమ్మలు నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. చిరంజీవి పేరు చెప్పగానే "చరణ్ నాన్నగారు!" అని బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. నోట్సు తూకానికి పోయిందని మా అమ్మాయి అనువాదం చేస్తుంటే పోలీసు యూనిఫాం ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎవరూ జాలి మాటలు చెప్పలేదు. "ఎన్ని పేజీలు? ఏ బొమ్మ మొదటిది? రంగులవా, నలుపు తెలుపా?" అని అడిగారు. నలభై ఏళ్లలో నన్ను ఆ ప్రశ్నలు అడిగినవాళ్లు లేరు. మొదటి పేజీలో బొమ్మ ఏదో నాకు టకటకా చెప్పేంత గుర్తుంది.

ఆ రాత్రి ఎన్నో తెలుసుకున్నాను. ఆర్ఆర్ఆర్ అక్కడ 2022 అక్టోబరు 21న విడుదలైంది. మన ఊళ్లలో వంద రోజుల పండగలన్నవే పోయాయి, అక్కడ వంద రోజులు దాటి ఆడింది. 1998లో అక్కడ విడుదలైన రజనీకాంత్ ముత్తు పేరు మీద అన్నేళ్లుగా ఉన్న భారతీయ సినిమాల వసూళ్ల రికార్డు దీంతోనే పోయింది. అదే హాంక్యూవాళ్లదే తకరజుకా అనే నాటక సంస్థ ఉంది. 1914 నుంచి అన్ని వేషాలూ ఆడవాళ్లే వేస్తారు. 2024 జనవరిలో ఈ కథనే వాళ్లు రంగస్థలం మీదికి తెచ్చారు, భీమూ ఆడమనిషే, రామరాజూ ఆడమనిషే. మా తెనాలి రామవిలాస సభలో స్థానం నరసింహారావు గారు సత్యభామగా నడిచొస్తే ఊరంతా చూసేదని మా తాతయ్య చెప్పేవారు. ఆ మాట చెబితే వాళ్లు పేరు రాసుకున్నారు. రాజమౌళి 2024 మార్చిలో జపాన్ వచ్చినప్పుడు 83 ఏళ్ల పెద్దావిడ వెయ్యి కాగితపు కొంగలు మడిచి ఇచ్చిందట. ఆయనే ఆ ఫోటో లోకానికి చూపించారు. ఆ వయసులో వేళ్లు ఎంత నొప్పెట్టి ఉంటాయో!

ఒకావిడ అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేటకి ఎలా వెళ్లాలని అడిగింది. విశాఖ నుంచి నర్సీపట్నం మీదుగా అన్నాను. "మీరు చూశారా?" అంది. చూడలేదు. కొమురం భీమ్ జోడేఘాట్ కూడా చూడలేదు. ఆవిడ రెండూ మ్యాప్‌లో గుర్తు పెట్టుకుంది, డిసెంబరు సెలవుల్లో వస్తుంది. నేను తోడు వస్తానన్నాను. ఊరికే అన్న మాట కాదు, తారీఖులు కూడా అనుకున్నాం.

తిరుగు రైల్లో మా అమ్మాయి "ఆవిడ ఆఫీసులో ఇలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదమ్మా" అంది. ఆ తర్వాత కోబే వెళ్లాం, ఏదో టవరెక్కాం, అవన్నీ ఫోటోల్లో ఉన్నాయి.

తెనాలి వచ్చిన వారంలోనే మాకు దగ్గర్లో ఉన్న హాలు మేనేజర్‌ని కలిశాను. ఆదివారం మధ్యాహ్నం ఆట మొత్తం ఆడవాళ్లకే ఇస్తే ఎంతవుతుందని అడిగాను. మొదట నవ్వాడు. తర్వాత ఒక రేటు చెప్పాడు, ఎక్కువే చెప్పాడు, బేరం నడుస్తోంది. పాత చిరంజీవి సినిమా ఏదైనా వేయమన్నాను. మా కాలనీలో, స్కూల్లో కలిపి ఇప్పటికి ముప్ఫై మంది దాకా వస్తామన్నారు. అందులో ఒకరికి డెబ్భై రెండేళ్లు, ఆవిడ రోజూ ఫోన్ చేసి తారీఖు ఖాయమైందా అని అడుగుతున్నారు. కాగితాలు కత్తిరించడం మొదలుపెట్టేశాం. చీపుర్లు మేమే తెచ్చుకుంటామని, ఊడ్చేవాళ్లకి ఆ రోజు పని ఉండదని, అయినా వాళ్ల జీతం కోయకూడదని మేనేజర్‌కి గట్టిగా చెప్పాను. ఇంటర్వెల్ మాత్రం కచ్చితంగా ఉండాలన్నాను.