ముందు చక్రంలో పూసలు: నాలుగోసారి విప్పా, 78 దగ్గర వణుకు ఇంకా పోలేదు

బైకు ముందు చక్రంలో ఒక పక్క బరువు ఎక్కువైతే వచ్చే వణుకు పోగొట్టడానికి టైరు లోపల చిన్న పూసలు (బ్యాలెన్సింగ్ బీడ్స్) పోసుకున్నా, అవి తిరుగుతూ తేలిక వైపు చేరి బరువు సర్దాలి. నిన్న ఆదివారం పొద్దున్నే ఐదున్నరకి బయల్దేరి, దేవనహళ్లి దాటాక ఎన్‌హెచ్ 44 మీద చిక్కబళ్లాపూర్ దాకా వెళ్లొచ్చా. రోడ్డు ఖాళీ, ఎదురుగాలి లేదు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి 29 పీఎస్ఐ చూసుకుని మరీ బయల్దేరా, అయినా సరే గంటకి 74 కి.మీ. దాటగానే హ్యాండిల్‌లో అదే వణుకు. 78 దగ్గరైతే అద్దంలో వెనకొచ్చే బస్సు నంబర్ ప్లేటు కూడా చదవలేం. 84 దాటితే సద్దుమణుగుతుంది, 95 మీద వెన్నపూసలా ఉంటుంది. మళ్లీ దిగొస్తూ 82 దగ్గర మొదలు. నాలుగోసారి టైరు విప్పి, శుభ్రం చేసి, తూచి, మళ్లీ ఎక్కించాక వచ్చిన ఫలితం ఇది. ఒళ్లు మండిపోయింది. (స్పీడ్లన్నీ జీపీఎస్‌వి, బండి మీటర్ ఐదారు ఎక్కువే చూపిస్తుంది.)

బండి డామినార్ 400, ముందు 110/70-17, అల్లాయ్, ట్యూబ్‌లెస్. టైరు అంచుని కూడా బీడ్ అనే అంటారు కాబట్టి లోపల పోసేవాటిని నేను పూసలు అంటా, లేకపోతే నా నోట్‌బుక్కులో నాకే అర్థం కావట్లేదు. నావి సిరామిక్‌వి, ఆవగింజ కంటే చిన్నవి. గాజువి కూడా దొరుకుతాయి, కౌంటరాక్ట్ వాళ్లవి గాజే, కానీ చేతిలో పోసి చూస్తే సిరామిక్‌వి జారినట్టు నాకు ఇంకేవీ జారలేదు, అందుకే వాటికే ఫిక్స్ అయ్యా. వెనక చక్రంలో మార్చిలో 57 గ్రాములు పోశా, ఇప్పటికి ఆరు వేల కిలోమీటర్లు, ఏ గొడవా లేదు.

గొడవంతా ముందు చక్రమే. మేలో కొత్త టైరు వేయించినప్పుడు 1 ఔన్సు, అంటే 28.3 గ్రాములు పోశా. అప్పుడు 78 దగ్గర చిన్న గిలిగింత ఉండేది, టైరు కొత్తది కదా కుదురుకుంటుందిలే అనుకున్నా. జూన్‌లో హోసూర్ రోడ్డు మీద స్క్రూ దిగింది, రోడ్డు పక్కనే తాడు ప్లగ్ (కన్నంలోకి దోపే గమ్ము రాసిన తాడు) వేయించా. అక్కణ్ణించి 60కే మొదలైంది. పైగా వారానికి 4 పీఎస్ఐ దిగిపోతోంది.

విప్పి చూస్తే, ప్లగ్ తోక లోపల ఒకటిన్నర అంగుళం వేలాడుతోంది, దానికి పూసిన గమ్ము ఆరలేదు, దాని చుట్టూ పూసలు నువ్వులుండకి నువ్వులు పట్టినట్టు పట్టేశాయి. గీకి తూస్తే 9.4 గ్రాములు. మిగతావి 18.6. వాల్వ్ పిన్నులో మూడు పూసలు ఇరుక్కుని ఉన్నాయి, గాలి దిగిపోడానికి కారణం అదే. ఇక్కడ లెక్క చెప్పాలి, ఎందుకంటే ఇది తేలాకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది. పూసలన్నీ తీసేసి, ఇరుసుని రెండు స్టాండ్ల మీద పెట్టి చక్రం వదిలితే వాల్వ్ వైపే కిందకి వచ్చి ఆగుతోంది, ఎదురుగా రిమ్ము మీద 15 గ్రాములు అంటిస్తే ఎక్కడ వదిలితే అక్కడ నిలబడుతోంది. రిమ్ము దగ్గర వ్యాసార్ధం 216 మి.మీ., పూసలు తిరిగే చోట సుమారు 280, అంటే ఆ 15 గ్రాముల పని చెయ్యడానికి పూసలు 11.6 గ్రాములు ఒకేచోట చేరితే చాలు, 28లో అంతే కావాలి కాబట్టి హాయిగా సరిపోవాలి. కానీ ప్లగ్ పడింది వాల్వ్‌కి బెత్తెడు దూరంలో, అంటే బరువున్న వైపే! అక్కడ 9.4 అంటుకున్నాక మొత్తం 21 దాకా కావాలి, స్వేచ్ఛగా తిరిగేవి 19 కూడా లేవు, అన్నీ ఒకే బిందువులో కుప్పపడ్డా చాలదు. అందుకే 60కే వణికింది. తాడు ప్లగ్ వేసిన టైరులో పూసలు పొయ్యకండి, పోసిన టైరుకి తాడు ప్లగ్ వేయించుకోవాల్సి వస్తే ఇల్లు చేరగానే విప్పి తోక కోసి లోపల్నించి మష్రూమ్ ప్యాచ్ (కన్నంలో దూరే కాడ ఉన్న అతుకు) వేయించండి. లిక్విడ్ సీలెంట్ (పంచర్ పూడ్చడానికి టైరులో పోసే ద్రవం) సంగతి చెప్పక్కర్లేదు, అదీ ఇదీ కలిస్తే సిమెంటు కాంక్రీటే.

రెండోసారి, ప్యాచ్ వేసి అవే పూసలు కడిగి ఆరబెట్టి పోశా. పది రోజులు బానే ఉంది, తర్వాత వానలు, తర్వాత మళ్లీ వణుకు, ఈసారి రోజుకో రకం. పొద్దున్న బయల్దేరిన మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు ఘోరం, తర్వాత కొంచెం తగ్గుతుంది. విప్పితే లోపల తడి, పక్క గోడకి పూసలు అట్టులా పరుచుకుని ఉన్నాయి, వేలితో రాస్తే గానీ ఊడట్లేదు. నీళ్లు ఎక్కణ్ణించి వచ్చాయా అని చాలా ఆలోచించా. ఈ టైరు లోపలి చోటు సుమారు 10 లీటర్లు, 29 పీఎస్ఐ అంటే బయటి గాలి 30 లీటర్లు నింపినట్టు, బెంగళూరు వానాకాలం గాలిలో ఎంత తేమ ఉన్నా 30 లీటర్లలో ఒక గ్రాము కూడా రాదు. నాకు కనపడింది అర టీస్పూను పైనే. అంటే అది మామూలు గాలిలో తేమ కాదు, కంప్రెసర్ ట్యాంకు అడుగున నిలిచిన నీళ్లు గాలితోపాటు వచ్చి పడ్డాయి. ఆ రోజు నించి బయట గాలి పట్టించడం మానేశా, ఇంట్లో చిన్న 12 వోల్టుల పంపు ఉంది, ఐదు నిమిషాలు పడితే పట్టింది. టైరు ఎక్కించేటప్పుడు రాసే సబ్బు నీళ్లు కూడా అంచుకి మాత్రమే, బ్రష్షుతో, నేనే దగ్గరుండి రాయిస్తున్నా, తర్వాత హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టిస్తున్నా. షాపాయన కోలార్ వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడతాడు, "ఏం సార్ టైరుకి తలంటు పోస్తున్నారా" అని నవ్వుతాడు గానీ చెప్పినట్టు చేస్తాడు. ఒకసారి పూసలున్న చక్రాన్నే బ్యాలెన్సింగ్ మెషీన్‌కి ఎక్కించాడు, మూడుసార్లు తిప్పితే మూడు రీడింగులు, 10, 35, 20. ఇది మెషీన్ తప్పు కాదన్నా, అందులో ఇరుసు కదలకుండా గట్టిగా పట్టి ఉంటుంది, చక్రం పైకీ కిందకీ ఊగితేనే పూసలకి ఎటు పోవాలో తెలుస్తుంది, ఊగే వీలే లేనప్పుడు అవి పడ్డచోటే ఉంటాయి అని చెప్పా. ఆలోచించి, "అయితే మీ ఫోర్కే మెషీన్ అన్నమాట" అన్నాడు. సరిగ్గా అదే, ముందు చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊగనిచ్చేది ఫోర్కే కదా!

వాల్వ్ విషయం ఒకటి, ముందే చెప్పాల్సింది. నా లెక్కలో ఈ చక్రానికి 6 కి.మీ. వేగం దాటితే పూసలు పైభాగంలో కూడా పడిపోకుండా టైరుకి అతుక్కుని తిరుగుతాయి, సిగ్నల్ దగ్గర అంతకంటే తగ్గగానే పైన ఉన్నవి రాలి రిమ్ము మీద పడతాయి, వాల్వ్ కన్నం అప్పుడు పైన ఉంటే అందులోకే దూరతాయి. అందుకే గేజ్ పెట్టే ముందు పంపుతో ఒక్క క్షణం గాలి లోపలికి కొట్టండి, ఇరుక్కున్నవి వెనక్కి పోతాయి, ఆ తర్వాతే కొలవండి. జాలీ ఉన్న పిన్నులు తెప్పించా, అప్పట్నించి గాలి దిగలేదు.

ఇక మూడోసారి. టైరు పొడి, పూసలు పొడి, తూకం 28.3, ప్లగ్ లేదు, గమ్ము లేదు. అయినా 78! ఈసారి ఫోన్ని హ్యాండిల్ క్లాంపుకి బిగించి వైబ్రేషన్ యాప్ ఆన్ చేసి వెళ్లా. శిఖరం 11.8 హెర్ట్జ్ (సెకనుకి 11.8 సార్లు) దగ్గర, వణుకు బలం 0.31 జీ (భూమ్యాకర్షణతో పోలిస్తే). టైరు చుట్టుకొలత 1.84 మీటర్లు, 78 అంటే సెకనుకి 21.7 మీటర్లు, భాగిస్తే సరిగ్గా 11.8, అంటే చక్రం ఒక చుట్టుకి ఒక్క దెబ్బ. ఇంజిను కాదు, చైను కాదు, చక్రమే. చక్రం బరువు టైరు స్ప్రింగు మీద సహజంగా ఎగిరే ఫ్రీక్వెన్సీ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది, నాకు కనపడుతున్న కథ అదే అనుకుంటున్నా. ఎందుకంటే పూసల సూత్రం ఆ ఫ్రీక్వెన్సీ పైన మాత్రమే మంచిది, దాని కింద అవి తేలిక వైపు కాకుండా బరువు వైపే చేరతాయి, ఉన్న లోపాన్ని పెంచుతాయి. దాటేటప్పుడు ఇటు నించి అటు సర్దుకోవాలి. 70 నించి 90కి గట్టిగా త్రాటిల్ ఇచ్చి లాగేస్తే వణుకు దాదాపు తెలియదు, నెమ్మదిగా పాకిస్తే పూర్తిగా తెలుస్తుంది, ఇది కూడా ఆ కథకి సరిపోతోంది.

కానీ ఒక్కటే కారణం అయ్యుండదని ఫోర్కుకి జిప్ టై కట్టి, కొస టైరుకి తగిలీ తగలనట్టు కోసి, చక్రం తిప్పి సందు కొలిచా. పైకీ కిందకీ 1.6 మి.మీ. తేడా. పక్కకి 0.7. రిమ్ము మాత్రం 0.3 లోపే, కాబట్టి అల్లాయ్ వంకర కాదు. టైరు పక్కన రిమ్ము అంచు వెంట ఒక గీత ఉంటుంది చూడండి, అది చుట్టూ సమానంగా కనపడాలి, నాది ఒకచోట 2 మి.మీ. లోపలికి మునిగి ఉంది. టైరు పూర్తిగా కూర్చోలేదన్నమాట! గాలి తీసి, అంచుకి సబ్బు రాసి 40 పీఎస్ఐ దాకా కొడితే టప్‌మని కూర్చుంది, తేడా 1.6 నించి 0.9కి, ఫోన్లో 0.31 నించి 0.22కి వచ్చింది. గుండ్రం లేని టైరుని ఎంత బరువు పెట్టినా ఏ పూస పోసినా సరిచెయ్యలేం. అంతకంటే ఘోరం, వంకర వల్ల ఇరుసు ఊగితే పూసలకి అది బరువు తేడా వల్లా వంకర వల్లా అన్నది తెలీదు, ఊగుడుని బట్టి తప్పుచోటికి పోయే అవకాశం ఉంది. పూసలు వేసే ముందు ఈ గీత చూసుకోవడం, జిప్ టై కొలత తీసుకోవడం నేను మేలోనే చెయ్యాల్సిన పనులు.

నాలుగోసారి, అంటే ఇప్పటిది: రిమ్ము మీద 15 గ్రాముల స్టిక్కర్ బరువులు ఎదురుగా అంటించి, పూసలు సగానికి, 14 గ్రాములకి తగ్గించా. పెద్ద తేడా బరువులు చూసుకుంటాయి, టైరు అరిగేకొద్దీ వచ్చే చిన్న తేడా పూసలు చూసుకుంటాయి అని ఆలోచన. ఫోన్లో 0.17. తగ్గింది, పోలేదు. ఒక వింత కూడా రాసుకున్నా, ఒకే రోడ్డు మీద ఐదుసార్లు ఆగి ఐదుసార్లు బయల్దేరితే మూడుసార్లు 0.11 లోపే, రెండుసార్లు 0.17. అంటే పూసలు ఒక్కోసారి ఒక్కోచోట స్థిరపడుతున్నాయి, కొన్నిసార్లు దారిలో ఎక్కడో ఆగిపోతున్నాయి. నా అనుమానం టైరు లోపలి గోడ మీద. లోపల నున్నగా ఉండదు, సన్నటి గాట్లు గాట్లుగా ఉంటుంది, లైనర్ రబ్బర్ అతుకు దగ్గర వేలికి తగిలే చిన్న మెట్టు కూడా ఉంది. 80 స్పీడులో పూస మీద పడే బలం దాని బరువుకి 160 రెట్లు పైనే, ఆ ఒత్తిడిలో అంత చిన్న పూసకి ఆ మెట్టు ఎక్కడం కష్టమే.

ఇంతలో నెల్లూరు నించి బాబాయ్ ఫోన్. జూన్‌లో ఆయన లారీ ముందు టైర్లు రెంటికీ, 295/80 ఆర్ 22.5 ట్యూబ్‌లెస్, బొమ్మసంద్రలో లోడు దించాక నేనే తలా 300 గ్రాములు పోయించా. "ఒరేయ్, స్టీరింగ్ వణుకు పోయిందిరా, ఆ గోలీలు ఇంకో రెండు టైర్లకి తెచ్చిపెట్టు" అంటాడు. సంతోషమే గానీ నేను ఇంకా నమ్మట్లేదు. ఆ టైరు చుట్టుకొలత 3.3 మీటర్ల దగ్గర, 70లో వెళ్తే సెకనుకి ఆరు చుట్లు కూడా లేవు, నా సూత్రం ప్రకారం అంత తక్కువలో పూసలు సాయం చెయ్యకూడదు. పైగా అదే రోజు కింగ్‌పిన్ (ముందు చక్రం అటూ ఇటూ తిరిగే కీలు) గ్రీజు కొట్టించి, టైర్లు ఎడమ కుడి మార్పించాడు. దేని వల్ల పోయిందో తేలాలంటే ఒక వైపు పూసలు తీసి నడపాలి, లోడు బండితో ఆ ప్రయోగం చెయ్యమని బాబాయ్‌ని అడగలేను, అడగను కూడా. ఖాళీగా వచ్చే రోజు చూద్దాం.

వచ్చే శనివారం జేసీ రోడ్డుకి వెళ్లి మాగ్నెట్ స్టాండుతో డయల్ గేజ్ (సన్నటి తేడాలు ముల్లుతో చూపే కొలత సాధనం) కొనాలి, జిప్ టై కొలతతో ఇంతకంటే ముందుకి పోలేం. ఆ 0.9ని రిమ్ము మీద టైరుని 180 డిగ్రీలు తిప్పి తగ్గించగలనేమో చూడాలి. ఆ తర్వాత ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ గుళ్లు, 6 మి.మీ.వి, ఒక్కోటి 0.20 గ్రాములు, 70 వేస్తే ఇప్పటి 14 గ్రాములకి సమానం. పెద్దవి కాబట్టి ఆ మెట్టు దాటేస్తాయి, తడికి అతుక్కోవు కూడా అని నా ఆశ, నెమ్మదిగా పోయేటప్పుడు గలగలమంటాయి, అది భరిస్తా. మీలో ఎవరైనా టైరు లోపలి గాట్లని సాండ్ పేపర్‌తో రుద్దకుండా నున్నగా చేసి ఉంటే ఎలా చేశారో చెప్పండి, రుద్దడం నాకిష్టం లేదు, గాలి ఆపేది ఆ లైనరే.